గిడ్డంగి యరుగు

సోదరీమణులారా! గృహకృత్యములు, శిశుపోషణము, వ్రతకథలు చదువుకొను నీ పుటలలో లారీలకు మూట లెక్కించుట, దించుట యను విషయమేమని మీరు ముక్కుమీద వ్రేలిడుకొందురేమో! ఒక సంవత్సరము క్రిందట నైనచో నేనును అట్లే చేసియుందును. కాని యించుక యోజింపుడు. మన యింటి యెసటిలో పడు బియ్యపుగింజ, తాలింపులోని పప్పుబద్ద, గోడకు పూసిన సిమెంటు, వీనిలో నేదియు నొకరి వీపుమీద ఎక్కి దిగకుండ మన వాకిలి త్రొక్కినది కాదు. ఆ వీపు ఎవరిదో మన మెరుగము. నేను ఎరుగవలసి వచ్చిన కారణము చెప్పెదను.

మా యూరు బత్తలపల్లి. అనంతపురమునుండి కదిరికి పోవు బాటయు, ధర్మవరపు బాటయు ఇచ్చట కలియును. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడువరకు ఇది అనంతపురము జిల్లాలోని గ్రామము. వానపై నాధారపడిన వేరుసెనగ మా సీమ పంట. నీటివసతి గలవారు టమాటా వేయుదురు. బాటపై లారీల రాకపోకలకు రాత్రి యని లేదు, పగలని లేదు. వేకువను వాకిట ముగ్గు వేయుచుండగా ఎరువుల బస్తాలతో నొక లారీ పోవును. దీపము పెట్టువేళకు టమాటా పెట్టెలతో మరియొకటి అనంతపురము దారి పట్టును.

మావారు ఉపాధ్యాయులు. వారి తరగతిలోని బాలుడొకడు వరుసగా పది దినములు బడికి రాకపోయెను. కారణము కనుగొనుటకు నేను వారి యింటికి పోతిని. తండ్రి హమాలీ. నులకమంచముపై వెల్లకిల పండుకొనియుండెను. ప్రక్కకు ఒత్తిగిలుటకును శక్తి లేదు. తల్లి యెదుట చేట పెట్టుకొని బుడ్డలు ఒలుచుచుండెను. పిల్లవాడు ఆమె ప్రక్కనే కూర్చుండి యొలుచుచుండెను.

"ఏమి జరిగినదమ్మా?" అని యడిగితిని.

"పలక జారింది, అయివారమ్మా! లారీకీ గోదాముకీ నడాన రెండు పలకలేసినారు. సగం మూటలు దించేదాంకా బాగానే ఉండె. ఆ మీదట లారీ పైకి లేచె, పలక కొస ఊడె. మూటతోనే కింద పడినాడు."

బరువు దింపగా లారీ పైకి లేచుట యేమని నాకు బోధపడలేదు. ఇంటికి వచ్చి మావారి నడిగితిని. వారు పలకపై గీచి చూపిరి. లారీ తొట్టె క్రింద ఉక్కుకమ్మీలుండును. బరువు ఎక్కినకొలది అవి క్రుంగును. బరువు దిగినకొలది లేచును. నిండులారీకిని వట్టిలారీకిని నేల యెత్తులో కొన్ని యంగుళముల భేద ముండును. గిడ్డంగి యరుగు కదలదు. లారీ నేల కదలుచుండును. ఆ రెంటి నడుమ ఉదయము వేసిన పలక మధ్యాహ్నమునకు వేయబడినట్లే యుండదు. దాని వాలు మారును. కొస కొంచెము కొంచెముగ జరిగి తుదకు ఊడును. ఆ యింటి దీపము మసకబారుటకు కారణ మింతే. దొంగ లేడు, పాము లేదు, దైవోపద్రవము లేదు. మార్పు చెందు ఎత్తునకు మార్పు చెందని పలక వేయుటయే దోషము.

అప్పటినుండి ఈ విషయమున దొరికిన పుస్తకములు చదివితిని, తెలిసినవారి నడిగితిని. తెలిసినకొలది నా కొక్క సూత్రము స్థిరపడినది. అది యేమనగా, బరువు మోయుటలో కష్టము బరువుది కాదు, ఎత్తుది. రెండు నేలలు సమమైనచో ఎంతటి బరువైనను ప్రక్కకు దొరలును. రెండు నేలల నడుమ మెట్టు ఉన్నచో ప్రతి మూటను ఒకరు ఎత్తవలె, ఒకరు దింపవలె. క్షీరసాగర మథనకథ మన కందరకు తెలిసినదే గదా! దేవదానవు లెంత బలవంతులైనను మందరపర్వతము మునిగిపోయెను. బలము చాలక కాదు. అడుగున ఆధారము లేక. కూర్మము వీపు అందించిన పిమ్మటనే కొండ తిరిగెను. లారీ చెంతను అట్టి యాధారమే కావలయును. అది లేనిచోట మనుష్యుడు తన వీపునే కూర్మము వీపుగా చేయుచున్నాడు.

మన పెద్దలకు ఈ మర్మము తెలియనిది కాదు. వాకిట అరుగు కూర్చుండుటకు మాత్రమే కాదు. ఎద్దులబండిని దానికి చేర్చి నిలిపినచో ధాన్యపుబస్తాను వంగకుండ జరుపవచ్చును. రైలుస్టేషనులలో సరకుల షెడ్డుల అరుగులు ఎత్తుగా కట్టుటయు పెట్టె నేలకు సరిచేయుటకే. తమిళదేశమున పాతబాటల ప్రక్క సుమైతాంగి యను రాతికట్టడము లున్నవి. రెండు నిలువురాళ్లపై నొక యడ్డురాయి, సుమారు భుజమంత యెత్తున నుండును. తలపై మూటతో నడచువాడు మరియొకరి సాయము లేకుండ మూటను దానిపైకి జరిపి, విశ్రమించి, మరల తలకెత్తుకొనును. గర్భముతో మరణించిన స్త్రీ పేర అట్టి రాతిని నిలుపుట అచ్చటి ఆచారము. దింపుకొనలేకపోయిన భారమునకు బదులుగా పదిమంది భారమును దింపు రాయి! అది చదివిన దినమున నాకు చాలసేపు నోట మాట రాలేదు.

నేటి పెద్ద గిడ్డంగులలో ఈ యరుగు ఎట్లుండునో వినుడు. గిడ్డంగి నేలను బయటి నేలకన్న సుమారు నాలుగడుగుల యెత్తున కట్టుదురు. పెద్దలారీల తొట్టె నేల ఇంచుమించుగ నంతయెత్తే యుండును. లారీ వెనుకకు వచ్చి అరుగును తాకి నిలుచును. తాకినపుడు గోడ పగులకుండ అంచున దళసరి రబ్బరుదిమ్మెలు బిగింతురు. ఎత్తు సరిగా కుదురక మిగిలిన యంగుళములకై అరుగులోనే యొక యినుపపలక అమర్తురు. దీనిని డాక్ లెవెలరు అందురు. దాని వెనుకటి అంచు తలుపువలె బందులపై తిరుగును. ముందటి అంచున నాలుకవంటి చిన్నరేకు ఉండును. పలకను పైకి లేపి నాలుకను చాచి లారీ నేలపై వాల్తురు. విశేష మేమనగా, లారీ లేచిన పలకయు లేచును, లారీ క్రుంగిన పలకయు క్రుంగును. ఆ పిల్లవాని తండ్రి నడుము విరిచిన కొలది అంగుళములకు విరుగుడు ఇదియే.

ఇంత బరువైన పలకను లేపున దేమి? కొన్నిటిని బలమైన స్ప్రింగులు లేపును; కొన్నిటిని నూనె లేపును. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్ని వైపులకును సమముగ ప్రాకునని 17వ శతాబ్దమున ఫ్రాన్సుదేశపు పండితుడు పాస్కలు నిరూపించెను. సన్నని గొట్టములో చిన్నముషలముతో నొక్కి, దానికి నూరురెట్లు వైశాల్యము గల ముషలమును లేపినచో బలము నూరురెట్లగును. కాని చిన్నముషలము నూరంగుళములు దిగినగాని పెద్దది యొక్క అంగుళము లేవదు. ప్రకృతి యేదియు ఊరక ఈయదు. బలము మిగిల్చుకొన్నచో దూరము చెల్లింపవలెను. 1795లో ఇంగ్లండున బ్రామా యను నతడు ఈ సూత్రముతో గొప్ప మర యొకటి చేసెను. మోటారుబండి బాగుచేయుచోట కారును లేపు జాకీలలో అనేకములు ఈ జాతివే.

ఇక నేలలు సమమైన పిమ్మట మూటలు నడచుట. మూటలను విడివిడిగా మోయక, కొయ్యతోగాని ప్లాస్టికుతోగాని చేసిన చప్టాపై పేర్చుదురు. దీని పేరు ప్యాలెట్టు. దాని యడుగున ఖాళీ యుండును. అందులోనికి రెండు ఇనుపచేతులు గల చక్రములబండిని దూర్చి, పిడిని నాలుగైదుమారులు పైకి క్రిందికి ఆడించినచో చప్టా నేలనుండి కొంచెము లేచును. నేల నున్నగానున్నచో టన్ను బరువును ఒక్కడు లాగుకొని పోవచ్చును. ఇంకను పెద్ద పనికి ఫోర్కులిఫ్టు అను మోటారుబండి యున్నది. 1917లో అమెరికాలోని క్లార్కు సంస్థ తన కర్మాగారపు పనికై చేసికొన్న చిన్నబండి దీనికి పూర్వరూపములలో నొకటి. రెండవ ప్రపంచయుద్ధకాలమున సేనల సామగ్రిని తరలించుటలో ప్యాలెట్టులును ఈ బండ్లును విస్తారముగ వ్యాపించినవి.

ఇంటి లెక్కలు వ్రాసికొను మనకు ఈ లెక్క సులభము. పది టన్నుల లారీలో 50 కిలోల సిమెంటుబస్తాలు 200 పట్టును. నలుగురు హమాలీలు దించినచో ఒక్కొక్కని వంతు 50 బస్తాలు. అనగా ఒక్కలారీకి ఒక్కొక్క వీపు 2,500 కిలోలు మోసినదన్నమాట. అవే బస్తాలను ఇరువదేసి చొప్పున ప్యాలెట్టులపై పేర్చినచో పది ప్రయాణములతో లారీ ఖాళీ యగును. ఒక్కని నడుమును వంగదు.

వీపునకు ఎంత తగునో శాస్త్రజ్ఞులు విచారించియే యున్నారు. పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించినచోట దానిని శీఘ్రముగ తగ్గింపవలెనని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సలహా ఇచ్చినది. స్త్రీల కది చాల తక్కువగ నుండవలెననియు పలికినది. అమెరికాలోని వృత్తిరక్షణ పరిశోధనసంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారము, వసతులన్నియు అనుకూలముగ నున్నపుడైనను చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలే. వంగుట, మెలిదిరుగుట, మాటిమాటికి ఎత్తుట కలిగినకొలది ఆ సంఖ్య యింకను తగ్గును. మన దేశమున 2018లో యూరియా బస్తాను 50 కిలోలనుండి 45కు తగ్గించిరి. ఎరువు ఆదా చేయుటకై తగ్గించినను వీపునకు ఐదు కిలోలు మిగిలినవి.

మరి మర వచ్చినచోట అపాయము లేదా? ఉన్నది, వేరురూపమున. ఫోర్కులిఫ్టు లారీలోనికి పోయి వచ్చునపుడెల్ల దాని తాకిడికి లారీ కొంచెము కొంచెముగ ముందుకు జరుగవచ్చును. జరుగగా జరుగగా సందు పెరిగి పలక నాలుక ఊడును. కొన్ని వేళల పని పూర్తియయ్యెనని భ్రమపడి డ్రైవరు బండి కదలించును. అందుచేత చక్రముల క్రింద త్రికోణపుదిమ్మెలు పెట్టుట మొదటి నియమము. కదిరి నరసింహస్వామి తేరు లాగునపుడు చక్రముల క్రింద కొయ్యదిమ్మెలు వేయువారిని మనము చూచియే యున్నాము. లాగువారు వేలమంది యైనను తేరు క్షేమము ఆ నలుగురి చేతిలో నుండును. లారీకిని అంతే. పెద్దగిడ్డంగులలో ఎఱ్ఱదీపము, పచ్చదీపము పెట్టి, పలక యెత్తువరకు డ్రైవరునకు ఎఱ్ఱదీపమే చూపుదురు.

"మా పల్లెటూరి గిడ్డంగులకు ఇన్ని హంగు లెక్కడివి?" అని మీరడుగవచ్చును. 2019వ సంవత్సరమున కార్లు చేయ మొదలిడిన పెనుకొండ చెంతనున్న కియా కర్మాగారమువంటి చోట్ల ఏర్పాట్లు వేరు. మా యూరివంటి యూరిలో రేకులకప్పు గిడ్డంగి వేరు. నిజమే. కాని ప్రాణము కాపాడునవి ఖరీదైనవే కానక్కరలేదు. జారకుండ గీట్లు గల యినుపపలకకు లారీ అంచును పట్టుకొను కొక్కెములు చేయించుటకు ఊరి కమ్మరి చాలును. చక్రముల క్రింద దిమ్మెలు పెట్టుటకు వడ్రంగి చాలును. పదేసి బస్తాలు దిగినపుడెల్ల పలకను చూచి సరిచేయుటకు ఒక మనిషి కన్నులు చాలును. అరుగే లేనిచోట చక్రములపై నడచు నినుపవాలును తెచ్చి లారీకి తగిలింపవచ్చును. నాలుగడుగుల యెత్తునకు పదునారడుగుల వాలు వేసినచో, చక్రపుబండిపై నున్న 50 కిలోల బరువు నెక్కించుటకు, రాపిడి మాట యట్లుంచి, పండ్రెండున్నర కిలోల బలము చాలును. నున్ననిబాటపై నాలుగురెట్లు దూరము నడచుట నడుమునకు ఎంత మేలు!

ఇందులో కఠినమైన ప్రశ్న యొకటి యున్నది. దానిని దాచి వ్యాసము ముగించుట న్యాయము కాదు. మర వచ్చినచో కూలి యేమగును? మూటకింతయని కూలి తీసికొనువాని మూటలను మర తీసికొనిపోవును. ఈ మాటనే మంచముమీది యా హమాలీని అడిగితిని. అతడు కప్పువైపు చూచుచు, "బరువు పోతే మంచిదే గదమ్మా. కూలి పోతేనే భయం" అనెను. ఎన్ని పుస్తకములు చదివినను నా కింతకన్న స్పష్టమైన వాక్యము దొరకలేదు.

దీనికి మార్గములు లేకపోలేదు. హమాలీ యను మాట అరబ్బీనుండి వచ్చినది, మోయువాడని యర్థము. గోదాము నాంగ్లేయులు గోడౌను అందురు. ఆ మాట మలయుభాషలోని గుదాంగు ద్వారా మన గిడ్డంగినుండియే పోయినదని కొందరు పండితుల యభిప్రాయము. మాట దేశములు దాటినది గాని మోయువాడు చిరకాలము ఏ లెక్కలోను చేరలేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షనులో, గాయము కలిగించునంతటి బరువును ఎవరిచేతను మోయింపరాదని నిషేధించిరి. 1969లో మహారాష్ట్రమున తలపై బరువులు మోయు మాథాడీ కార్మికులకై ప్రత్యేకచట్టము చేసిరి. దాని క్రింద మండలులు ఏర్పడి కూలివారి పేర్లు నమోదు చేసి, కూలియు, భవిష్యనిధియు చూచుట ఆరంభించినవి. మన ఆంధ్రప్రదేశమునందును 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల నియామకమునకును సంక్షేమమునకును చట్టము వెలసినది. పూనానగరమున బాబా ఆఢావు గారు హమాలీల పంచాయతీని నడిపిరి. ఆ పంచాయతీ 1974లో కష్టాచీ భాకర్ అను వంటశాలను నెలకొల్పి శ్రమజీవులకు చౌకగా రొట్టెయు కూరయు పెట్టినది. జట్టు కట్టినవానికే చట్టము చుట్టమగునని దీనివలన తెలియుచున్నది.

కాబట్టి నా యభిప్రాయ మిది. మర రావలెను, కాని హమాలీని తోసివేసి రాకూడదు, హమాలీ చేతిలోనికి రావలెను. ప్యాలెట్టుబండి పిడి పట్టవలసినవాడు నిన్నటివరకు మూట మోసినవాడే. మూటకింతయను కూలిని లారీకింతయని మార్చి, అదే జట్టునకు చెల్లించినచో బరువు తగ్గును, కూలి తగ్గదు. గిడ్డంగి గలవారికిని నష్టము లేదు: లారీ త్వరగా ఖాళీ యగును, బస్తాలు చినుగవు, గాయపడినవాని వైద్యపు ఖర్చు ఉండదు.

"ఇందులో ఆడువారము మేమేమి చేయగలము?" అందురా? మన యిండ్లలో ఎందరి భర్తలకు, అన్నదమ్ములకు గిడ్డంగులు లేవు? ఎందరు రైతుసంఘములలో సభ్యులు కారు? గిడ్డంగి కట్టుటకు నక్షా గీయునాడు "అరుగు ఎంత యెత్తు?" అని యొక్కమాట అడుగుడు. లారీ వచ్చి నిలిచిన నాడు "చక్రము క్రింద దిమ్మె పెట్టిరా?" అని యడుగుడు. పొయ్యికి ఎత్తు సరిగా లేనిచో ఎవరి నడుము నొచ్చునో మనకు తెలిసినంత మరెవరికి తెలియును?

ఇంటిలోను ఈ సూత్రమే పాటింపుడు. 25 కిలోల బియ్యపుమూట పైని చెప్పిన 23 కిలోల హద్దును దాటినదని గుర్తుంచుకొనుడు. దానిని నేలపై దింపించుకొని మరల మీరే వంగి యెత్తుటకన్న, మొదటనే మోకాలెత్తు పీటపై దింపించుకొనుడు. నిండు గ్యాసుబండ సుమారు 30 కిలోలు తూగును; ఎత్తక, అడుగుచుట్టుపై మెల్లగ దొర్లించుడు. గర్భిణులును బాలింతలును ఈ పనులకు దూరముగ నుండుట మేలు.

ఆ పిల్లవాడు తిరిగి బడికి వచ్చుచున్నాడు. తండ్రి ఇప్పుడు గోడ పట్టుకొని వాకిలివరకు నడచుచున్నాడు. మూట యెత్తరాదని వైద్యులు చెప్పిరి. గత వారము మావారు తరగతిలో వాలుబల్ల పాఠము చెప్పుచు, పెద్దమెట్టుమీదికి బరువు నెక్కించుట యెట్లని అడిగిరట. తక్కిన బాలురు బల్లను ఏటవాలుగ పెట్టవలెనని చెప్పిరి. ఈ బాలుడు మాత్రము లేచి, "బల్ల కొస జారకుండా ముందు కట్టాల, సార్!" అనెనట.

సోదరీమణులారా! ఆ యుత్తరము ఏ పుస్తకములోను లేదు. దానికి ఆ కుటుంబము ఇచ్చిన మూల్యము మరియొక కుటుంబము ఈయకుండునట్లు చూచుట మన యందరి పని యని నా విన్నపము.